గేటు తీయించగలరు

అత్తగారి కాళ్ళకు మందు రాస్తూ కోడలు పళ్ళు నూరింది. మోకాళ్ళ దాకా పుళ్ళే! ఆవిడ ముప్పై ఏళ్ళుగా నది ఒడ్డున ఆకుకూరలు పండిస్తోంది. రోజూ నీళ్ళలో దిగి, బిందెలతో మడులు తడపాలి. దిగవద్దని డాక్టరు చెప్పి నెలైంది. దిగకపోతే మడులు ఎండిపోతాయి.

“ఆ నీళ్ళు పరీక్షించేది నువ్వే కదమ్మాయ్! బాగున్నాయని రాశావటగా?” అంది అత్తగారు.

కోడలికి ఒళ్ళు మండింది, అదీ తన మీదే. నదీ రక్షణ కార్యాలయంలో నీళ్ళ నమూనాలు పట్టే ఉద్యోగం ఆమెది. ఏడాదిగా ప్రతి సీసా శుభ్రమే. ఎందుకుండదు చెప్పండి? వారం ముందే నది ఎగువనున్న బట్టల అద్దకం మిల్లుకు ఆమే ఉత్తరం పంపుతుంది: సోమవారం పదింటికి వస్తున్నాం, గేటు తీయించగలరు. ఆ సోమవారం మిల్లు కాలువ ఏమీ ఎరగనట్టు తేటగా పారుతుంది. మంగళవారం మళ్ళీ ఎర్రటి నురగ కక్కుతుంది.

ఆఫీసుకు వెళ్ళగానే పెద్దగుమాస్తాను అడిగేసింది.

“ఉత్తరం ఎందుకు పంపాలండీ?”

“చట్టమమ్మా, చట్టం!” అన్నాడాయన తలెత్తకుండా.

బీరువాలోంచి చట్టం పుస్తకం తీసి, దుమ్ము దులిపి, అన్నం మాని మరీ చదివింది. ఉత్తరం మాటే లేదు. పైగా, ముందుగా తెలియజేయకుండా ఏ రోజైనా నమూనా తీయవచ్చని స్పష్టంగా ఉంది.

“ఇందులో లేదేమిటండీ?”

“లేకపోతే లేదమ్మా! ఎప్పుడో మనవాళ్ళు వెళ్తే గేటుకు తాళముందట. అప్పటి గుమాస్తా మర్యాదగా ఉంటుందని మొదలెట్టాడు. మేమూ పంపుతున్నాం.”

ఔరా! ఒక్క తాళం కోసం నది కొంప ముంచారన్నమాట. ఇంతా చేసి, ఆ కాలువ నదిలో పడేది గేటు బయటే!

గురువారం ఎవరికీ చెప్పకుండా వెళ్ళి సీసా నింపుకొచ్చింది. మర్నాటికల్లా విషమని తేలింది. ఆఫీసులో పై అధికారి మండిపడ్డాడు.

“కబురైనా లేకుండా వెళ్తావా? నువ్వు సీసా నింపడం చూశారట, పొద్దుటినుంచీ మిల్లువాళ్ళు ఫోను మీద ఫోను! నేనేం చెప్పను?”

ఆమె చట్టం పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. ఫోను మోగుతున్నా తీయలేదు.

“ఆ ఉత్తరాలన్నిటి మీదా సంతకం నాదే సార్. ముందు సిగ్గుపడాల్సింది నేను” అందామె. “నదిని కాపాడే చట్టం మన దగ్గర ఉంది, బాగానే ఉంది. కానీ తప్పు చేసేవాడికి మనమే ముందు కబురు పెడుతుంటే, ఆ చట్టం కాపాడేది వాణ్ణే సార్, నదిని కాదు.”