పది మాత్రలు

మా తమ్ముడు ఓవీడ్ అలాస్కాలో ఓడలు బాగుచేసే పనికి ఏడాది పాటు ఒప్పుకుని, వెళ్తూ వెళ్తూ తన కుక్కను నా దగ్గర వదిలాడు. దాని పేరు పిస్టాష్. ఒళ్ళంతా బూడిదరంగు మచ్చలు, ఒక కన్ను నీలం, ఇంకోటి గోధుమరంగు. భార్య పోయాక వాడి ఇంట్లో వాడికి మిగిలిన తోడు అదొక్కటే.

బయలుదేరేటప్పుడు ఒక చిన్న అట్టపెట్టె నా చేతిలో పెట్టాడు. అందులో పన్నెండు మాత్రలున్నాయి.

"నెలకొకటి అక్కా. ఒకటో తారీకున వెయ్యి. ఇక్కడి దోమల సంగతి నీకు తెలుసుగా. కుట్టి కుట్టి గుండెలో పురుగులు పెట్టేస్తాయి. ఒక్క నెల కూడా తప్పకూడదు."

"నాకా చెప్తున్నావు? ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపాను. ఒక్క పిల్లాడినైనా రోడ్డు మీద వదిలేశానట్రా?"

"అందుకేగా నీ దగ్గర వదులుతోంది," అని నవ్వాడు.

ఏప్రిల్‌లో వేశాను. మేలో వేశాను. సాసేజ్ ముక్కలో దాచిపెడితే మింగేసింది. జూన్‌లో మాత్రం ముక్క తినేసి మాత్ర ఉమ్మేసింది. పొయ్యి వెనక నుంచి దాన్ని ఏరి, తుడిచి, రేపు చూద్దాంలే అని మళ్ళీ పెట్టెలోనే పడేశాను. రేపు కాస్తా నెలయింది. జులైలో గుర్తొచ్చాక, ఇప్పుడు ఒకటి వెయ్యాలా రెండు వెయ్యాలా అని ఆ మాత్రలిచ్చిన పశువుల డాక్టర్ ప్రెజాన్‌ను అడుగుదామనుకున్నాను. అడిగితే మరిచిపోయానని ఒప్పుకోవాలి కదా. ఆ కాస్త మాట అనడానికి నామోషీ వేసి ఫోన్ చెయ్యలేదు.

ఆగస్టుకల్లా నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. మా నాన్న డజను కుక్కల్ని పెంచాడు. ఏనాడైనా వాటికి మాత్రలు వేశాడా? అవన్నీ ఏడెనిమిదేళ్ళకే దగ్గి దగ్గి చచ్చిపోయేవని, దాన్ని మేము ముసలితనమనుకునేవాళ్ళమని అప్పుడు గుర్తుచేసుకోలేదు. ఇంటి వెనక బేయూ కాలువలో నీళ్ళు కదలకుండా పచ్చగా పడి ఉన్నాయి. సాయంత్రం వరండాలో కూర్చుంటే పిస్టాష్ చెవుల చుట్టూ దోమలు పొగలా ముసిరేవి.

ఓవీడ్ ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు.

"మాత్ర వేశావా?"

"వేశాను."

మొదటిసారి పెట్టెకు వీపు తిప్పి ఆ మాట అన్నాను. తర్వాత తర్వాత ఆ మాట దానంతటదే వచ్చేది.

మార్చిలో వాడు వచ్చే ముందురోజు పెట్టె తీసి చూశాను. పది మాత్రలున్నాయి. ఒకదాని మీద పిస్టాష్ పంటిగాట్లు. ఒక్కొక్కటే మరుగుదొడ్లో వేసి నీళ్ళు వదిలాను. ఖాళీ పెట్టెను వాడికి కనబడేలా వంటగది గట్టు మీద పెట్టాను. మరిచిపోవడం సంగతి సరే, ఆ పని మాత్రం తెలిసే చేశాను.

వాడు వచ్చి పిస్టాష్‌ను తన ఇంటికి తీసుకెళ్ళిన వారానికే అది దగ్గు మొదలుపెట్టింది. గేటు దాకా పరుగెత్తి కూలబడేది. ఆసుపత్రికి వాడితో నేనూ వెళ్ళాను. డాక్టర్ ప్రెజాన్ ఒక్క చుక్క రక్తం తీసి, మైక్రోస్కోప్ కింద పెట్టి మమ్మల్ని చూడమంది. దారప్పోగుల్లాంటి పిల్ల పురుగులు గిలగిలా కొట్టుకుంటున్నాయి.

"పెద్దవి గుండెలో, ఊపిరితిత్తుల్లో ఉంటాయి. జానెడు, అంతకన్నా పొడుగు కూడా. నెలనెలా మాత్ర పడితే సాధారణంగా ఇంతదాకా రాదు. మధ్యలో ఏమైనా తప్పిందా?"

"మా అక్కా? తప్పడమా?" అన్నాడు ఓవీడ్. "ఖాళీ పెట్టె నా కళ్ళతో చూశాను డాక్టరమ్మా. మీ మాత్రలే మంచివి కావేమో."

ఆమె నా వంక చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను.

ఓవీడ్ అంతటితో ఊరుకోలేదు. పెట్రోలు బంకులో, చేపల ఎరలమ్మే కొట్లో, ఎక్కడ నలుగురు కనిపిస్తే అక్కడ, ఆవిడ నాసిరకం మాత్రలమ్ముతోందని చెప్పాడు. జనం తమ కుక్కల్ని పక్క ఊరికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు.

గుడ్ ఫ్రైడే రోజు చర్చి వెనక పెద్ద రొయ్యల్లాంటి క్రాఫిష్‌లు కారం వేసి ఉడకబెట్టి, కాగితాలు పరిచిన బల్లల మీద కుమ్మరించారు. చుట్టూ నిలబడి ఒలుచుకు తింటున్నాం. అవతలి బల్ల దగ్గరకు డాక్టర్ ప్రెజాన్ వచ్చింది. ఆమె పక్కనున్న ఇద్దరు పళ్ళేలు తీసుకుని జరిగిపోయారు.

"మా కుక్క గుండెను పురుగులకు మేతేసి, ఇక్కడికెలా వచ్చిందో చూడు," అన్నాడు ఓవీడ్, ఆమెకు వినబడేలాగే.

కారం చేతులు నా గౌనుకే తుడుచుకున్నాను.

"మాత్రలు మంచివేరా. నేనే వెయ్యలేదు."

"ఏంటీ?"

"వెయ్యలేదు. నువ్వొచ్చే ముందు మరుగుదొడ్లో పారబోశాను."

బల్ల చుట్టూ ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

"ఎన్ని?"

"పది."

"మరి నేను ఫోన్ చేసిన ప్రతి ఆదివారం..."

"అబద్ధమే చెప్పాను."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. వాడు నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళి, టోపీ తీసి, తల దించుకుని ఏదో చెప్పాడు. నా తప్పుకు వాడు తల దించుకోవడం నేను నిలబడి చూశాను.

సోమవారం నేనూ ఆసుపత్రికి వెళ్ళాను.

"మీకు తెలుసు కదా. ఎందుకు చెప్పలేదు?"

"అనుమానమే గానీ, మాత్ర పడిందో లేదో రక్తం చెప్పదు ఎల్మీర్ గారూ. మీరే చెప్తారని చూశాను. మూడు వారాలు చూశాను," అందామె.

పిస్టాష్‌కు నెల పాటు మందులు వాడి, ఆ తర్వాత పురుగులు చచ్చేలా నడుము కండలోకి సూదులు పొడిచారు. గుండె వేగంగా కొట్టుకుంటే లోపల చచ్చిన పురుగుల ముక్కలు కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో అడ్డం పడతాయి, ప్రాణానికే ముప్పు. అందుకని నెలల తరబడి అది పరుగెత్తకూడదు, ఎగరకూడదు. ఓవీడ్ దాన్ని తన వంటగదిలో ఒక మూల కట్టేసి, తను పక్కనే పరుపు వేసుకున్నాడు.

ఒకరోజు కోడి పులుసు వండుకుని వెళ్ళాను. మెట్ల మీద నా అడుగు వినగానే పిస్టాష్ గొలుసు తెంపుకునేంతగా గెంతింది. వెంటనే దగ్గుతెర ముంచుకొచ్చింది. దగ్గుతూనే తోక ఊపుతోంది. ఓవీడ్ దాన్ని రెండు చేతులా అదిమి పట్టుకుని, నావైపు చూడకుండానే అన్నాడు.

"నువ్వంటే దానికి ప్రాణం అక్కా. నువ్వొస్తే ఎగురుతుంది. ఎగిరితే చస్తుంది. ఇక రావద్దు."

గిన్నె మెట్ల మీదే పెట్టి వచ్చేశాను. ఆ తర్వాత వాళ్ళ వీధిలోకి నా బండి పోనివ్వలేదు. చప్పుడు గుర్తుపడుతుందేమోనని చుట్టూ తిరిగి పోయేదాన్ని.

మళ్ళీ రక్తపరీక్ష చేసేసరికి శీతాకాలం వచ్చింది. ఓవీడే ఫోన్ చేశాడు.

"పురుగులు లేవట."

"దేవుడి దయ."



"ఇంట్లోనే ఉన్నావా? కాఫీ పెట్టు, వస్తున్నా."

వచ్చాడు. రెండు కప్పులు తాగాడు. అలాస్కా చలి గురించి చెప్పాడు, నేను విన్నాను. పిస్టాష్‌ను మాత్రం తీసుకురాలేదు. ఎందుకు తేలేదని నేనూ అడగలేదు.