పసిపిల్లల బల్ల మీద

పందొమ్మిదేళ్ళవాణ్ణి పసిపిల్లల తల్లుల మధ్య కూర్చోబెట్టడం ఏం పద్ధతో నాకు తెలియదు. కానీ మా ఊరికి టీకాల పెట్టె వచ్చేది పిల్లల్ని తూచే రోజునే. మీసాలొచ్చినవాళ్ళకి కూడా జబ్బులుంటాయని పైవాళ్ళెవరికీ తట్టినట్టు లేదు.

నా కొడుకు డేర్‌కి పుట్టుకతోనే సికిల్ సెల్ జబ్బు. చలి తగిలితే చాలు, ఎముకల్ని నొప్పి పిండేస్తుంది. వాడికంటే ముందు పుట్టినవాడిదీ ఇదే జబ్బు. ఎడారి దుమ్ముగాలి రోజుల్లో మెదడు జ్వరం తగిలి పోయాడు. పోయినవాడే తిరిగొచ్చాడని మావాళ్ళు వీడికి మా భాషలో ఆ అర్థమొచ్చే డేర్ అన్న పేరు పెట్టారు. ఆ పేరే వీణ్ణి పాడు చేసింది. వచ్చినవాణ్ణి ఎలాగూ పోతాను, నాకెందుకీ సూదులు అంటాడు.

చిన్నప్పటి టీకాల బలం చాలదని, ఈ జబ్బువాళ్ళకి మళ్ళీ వేయాలని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పి, మందు మా ఊరి పెట్టెలో పంపించాడు. ఆ దుమ్ముగాలి మొదలవకముందే సూది పడాలి. పొద్దున్నే వాణ్ణి ఎలాగో లాక్కొచ్చాను.

బల్ల మీద పక్కన కూర్చున్న తల్లి, నీ బిడ్డ ఏదని వాణ్ణి అడిగింది. వీడే బిడ్డ, తూకం ఉయ్యాల ఆగుతుందో తెగుతుందో అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. డేర్ లేచి రోడ్డువైపు నడిచాడు. నేను పిలిచినా ఆగలేదు.

ఆపింది నర్సు అతంపోక. ఆమె ఫ్రాఫ్రా తెగ మనిషి. మా దగాబాలకీ వాళ్ళకీ తాతల నాటి నుంచి వేళాకోళపు వరస. ఒకరినొకరు బానిసలన్నా, కుక్కమాంసం తింటారని ఎగతాళి చేసినా కోపం తెచ్చుకోకూడదు, పిలిస్తే జవాబివ్వకుండా పోకూడదు. మా ఇంట్లో చావైతే వాళ్ళొచ్చి శవాన్ని బేరమాడతారు, ఏడ్చేవాళ్ళని నవ్విస్తారు. నా పెద్దకొడుకు పోయినప్పుడు వాళ్ళ మనిషే వచ్చి వాడి చాప మీద పడుకుని, ఇది నాది, వాణ్ణి లేవమను అన్నాడు. అప్పుడు నేను నవ్వాను కూడా.

“ఒరే దగాబా బానిసా, ఎక్కడికిరా? సూదంటే భయమా?” అంది అతంపోక.

డేర్ ఆగాడు. ఆగక తప్పదు.

“భయం నీ సూదికి కాదత్తా, నీ నోట్లో కుక్కమాంసం కంపుకి.”

తల్లులు మళ్ళీ నవ్వారు, ఈసారి ఆమెని చూసి.

“వచ్చి కూర్చో. నువ్వు చస్తే నీ చాప మీద పడుకోడానికి ఈ మోకాళ్ళతో నేనే రావాలి.”

“రా అత్తా. కుక్క తలకాయ వండించి పెడతా. ఈ గాలికే వద్దువుగాని.”

ఇక ఆమె ఇంకో మాట విసరాలి. అందరూ దానికోసమే చూస్తున్నారు. ఆమె విసరలేదు. చేతిలోని దూది పక్కన పెట్టి, వాడి ముఖంలోకి చూస్తూ మెల్లగా అంది:

“నాకొద్దు, డేర్. నీ చాప మీద నేను పడుకోలేను.”

ఎవరూ నవ్వలేదు. ఫ్రాఫ్రా మనిషి మాలో ఒకరితో వేళాకోళం మానేసి మాట్లాడటం ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వినలేదు. అలా మాట్లాడితే ఏం జవాబివ్వాలో మాకెవరూ నేర్పలేదు. డేర్ నా వంక చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

వాడు వచ్చి బల్ల చివర కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఇందాక ఉయ్యాల తెగుతుందేమో అన్నామె బిడ్డని ఇంకో భుజానికి మార్చుకుని, వాడికి చోటిస్తూ పక్కకి జరిగింది.

సూది దిగింది. రెండోది రెండు నెలలకి వేయాలని అతంపోక నాకు చెబుతోంది. అప్పటికి పెట్టె వస్తుందో రాదో, వచ్చినా అందులో మందుంటుందో ఉండదో అనుకుంటూ తలూపాను.

“ఏ వారం?” అని చొక్కా చెయ్యి దించుకుంటూ అడిగింది నేను కాదు.