తుడిచిన బెలూన్

కుమాసీలో మా పేటలో ఎవరింట చావు జరిగినా నల్లబట్టలు కుట్టించుకోవడానికి దర్జీ బాడు దగ్గరికే వెళ్తారు. మిషన్ని కుడికాలితో తొక్కుతాడు. ఆయనకు అన్నం పెట్టేది ఆ కాలే. షుగరు వల్ల తొడలోని రక్తనాళం సన్నబడి, ఆ కాలి బొటనవేలి మీద పుండు మానక మా ఆసుపత్రికి వచ్చాడు.

"కాలుంటే నేనున్నట్టు సిస్టర్," అన్నాడు బల్ల మీద పడుకుంటూ. "లేకపోతే నాకూ నల్లబట్టలు కావాల్సిందే. కుట్టేవాడే ఉండడు."

"నోర్మూసుకుని పడుకో బాబాయ్! అపశకునం మాటలూ నువ్వూనూ," అని కసిరాను.

ఆ గదిలో డాక్టరుకు సామాను అందించే నర్సుని నేను, డుఫీని. ఏడేళ్ల నుంచి అదే పని. పూడిన రక్తనాళంలోకి పంపి ఉబ్బించే బెలూన్ మా దగ్గర ఒకసారి వాడి పారేసేది కాదు. కడిగి, శుద్ధి చేసి మళ్లీ వాడతాం. లేనివాళ్ల ఆసుపత్రి మరి! అందుకే డాక్టరు చేతికిచ్చే ముందు ప్రతి బెలూన్‌నీ తడిగుడ్డతో తుడిచి ఇవ్వడం నాకు అలవాటు. డుఫీ చేతి శుభ్రం ఇంకెవరికీ రాదని అందరూ అనేవారు. నాకూ ఆ పొగరు ఉండేది.

ఆ రోజు పెట్టాల్సింది మందు పూసిన బెలూన్. మా డాక్టరు న్సియా నెలల తరబడి ఉత్తరాలు రాసి తెప్పించిన ఒకే ఒక్కటి. ముందు మామూలు బెలూన్‌తో దారి వెడల్పు చేసి, తర్వాత దీన్ని లోపల ఉబ్బిస్తే, మందు నాళం గోడకు అంటుకుని మళ్లీ పూడుకుపోకుండా కాపాడుతుంది. అంతవరకూ డాక్టరు చెప్పాడు. తడి తగలకూడదని పెట్టె మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉందట. నేను చదవలేదు.

తుడిచాను. చెయ్యి దానంతటదే పోయింది. ఒకసారి కాదు, రెండుసార్లు. గుడ్డకు తెల్లటి పొడి అంటింది.

ఆ పొడే మందని అప్పుడు అర్థమైంది. డాక్టరు కళ్లు తెర మీదే ఉన్నాయి, చెయ్యి నా వైపు చాచి ఉంది. "డుఫీ, ఏదీ?" అన్నాడు. అప్పుడు నోరు తెరిచి ఉంటే ఇంకొకటి తెప్పించేదాకా ఆగేవాళ్లం. నా పేరు పోతుందని భయపడ్డాను. గుడ్డ మడిచి చెత్తబుట్టలో పడేసి బెలూన్ అందించాను. ఛీ, ఏం బతుకు నాది!

తెర మీద రక్తం చక్కగా పారింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నాలుగు నెలలకే నాళం మళ్లీ పూడుకుపోయింది. పాదం నల్లబడింది. మందు ఎందుకు పనిచెయ్యలేదో అర్థంకాక డాక్టరు తల పట్టుకున్నాడు. ఇక మోకాలి పైదాకా తీసెయ్యక తప్పదన్నారు.

ఇవాళ పొద్దున బాడు మంచం దగ్గరికి వెళ్తే, దిండు కింద నుంచి ఎర్ర అంచు వేసిన నల్లబట్ట తీసి నా చేతిలో పెట్టాడు.

"తీసేసిన కాలిని మావాళ్లు తీసుకెళ్లి పాతిపెడతారు. ఊరందరికీ కుట్టినవాణ్ని, నా కాలిని ఉత్తినే పంపుతానా? ఎడమకాలితో తొక్కాను, కుట్టు వంకర పోయింది. నవ్వకు."

నవ్వడమా! ఆ వంకర కుట్టు మీద వేలు పెట్టి నిలబడ్డాను.

"నువ్వే చుట్టాలి సిస్టర్. ఆ రోజు మెలకువగానే ఉన్నాగా, అంతా చూశాను. ఎంత శ్రద్ధగా తుడిచావ్! కన్నకూతురు కూడా అలా చూసుకోదని మీ పిన్నితో చెప్పాను."

ఇక నావల్ల కాలేదు.

"ఆ తుడవడం వల్లే బాబాయ్. మందంతా గుడ్డకే పోయింది."

మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

"తెలీక తుడిచావా?"

"తెలీకే."

"మరి మందు పోయిందని ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. నీకు పెట్టకముందే."

బాడు చెయ్యి చాచి నా చేతిలోని నల్లబట్ట లాక్కున్నాడు.

"ఇంకో సిస్టర్ని పిలువు," అన్నాడు.