చూరు కింద బకెట్టు

వాన పడుతోందని ప్రయాణం మానుకునే అలవాటు మా ఆరెగాన్ తీరంలో ఎవరికీ లేదు. మానుకుంటూ పోతే ఏడాదిలో ఎనిమిది నెలలు ఇంట్లోనే కూర్చోవాలి. ఆ ఏప్రిల్ శనివారం కూడా ఆకాశం చిల్లుపడ్డట్టు కురుస్తుంటే, పిల్లలిద్దరికీ రబ్బరు బూట్లు తొడిగి కారెక్కించాం. సముద్రం బాగా వెనక్కి తగ్గేది పదిన్నరకి. రాళ్ళ మధ్య గుంటల్లో ఉన్నవన్నీ అప్పుడే కనిపిస్తాయి. పైగా సోమవారం నేను పనిచేసే పడవ అలాస్కా బయల్దేరుతోంది. మళ్ళీ నేను ఇల్లు చేరేది ఆగస్టులోనే.

"ఈ ఒక్కరోజూ పిల్లలది, గ్లెన్. ఫోను తీశావంటే సముద్రంలో పారేస్తా," అంది నా భార్య లోర్నా.

"పారెయ్. మా కెప్టెన్ పీడా విరగడవుతుంది," అన్నాను.

అప్పటికి నేను మంచి తండ్రినే.

మా అమ్మాయి మార్నీకి ఏడేళ్ళు. మోకాళ్ళ మీద కూర్చుని ఓ గుంటలోంచి నాలుగు బుల్లి పీతల్ని తీసింది. గోరంత ఉంటాయవి, ఖాళీ గుల్లల్లో దూరి బతుకుతాయి. బకెట్టు అడుగున కొంచెం సముద్రపు నీళ్ళు పోసి అందులో వేసుకుంది.

"మనం భోంచేసేదాకా వీటిని నా దగ్గరుంచుకుంటా నాన్నా. తర్వాత ఇక్కడే వదిలేస్తా. ఎక్కడ తీశామో అక్కడే పెట్టాలని మా టీచర్ చెప్పింది." గుంట మళ్ళీ దొరకాలని పక్కనున్న బండ మీద ఓ తెల్ల రాయి కూడా పెట్టింది.

ఇంతలో గాలి తిరిగి, వాన మొహానికి కొట్టడం మొదలుపెట్టింది. కారులోకి పరిగెత్తాం. లోర్నా రొట్టెల పొట్లాలు విప్పింది. బకెట్టు మార్నీ ఒళ్ళో ఉంది. దాని తమ్ముడు, నాలుగేళ్ళ డ్యూయీ ఏం చేస్తున్నాడో చూసేలోగా మోచెయ్యిదాకా అందులో పెట్టేశాడు. నీళ్ళు ఎగిరి నా ప్యాంటు మీద పడ్డాయి. మూడు రోజులుగా పడవకి సామాను మోసి నా నడుం విరిగిపోతోంది. కారంతా నాచు కంపు.

"ఆ బకెట్టు బయట పెట్టు," అన్నాను.

"అందులో వాన పడుతుంది నాన్నా."

"పడితే? నీళ్ళలో బతికేవాటికి వానేం చేస్తుంది?"

"వాన నీళ్ళు ఉప్పగా ఉండవు కదా."

"నీళ్ళు నీళ్ళే! ఇటివ్వు."

తీసుకెళ్ళి అక్కడున్న మరుగుదొడ్ల గోడ పక్కన, చూరు కింద పెట్టొచ్చాను. తలెత్తి పైకి కూడా చూడలేదు.

నేను పదకొండేళ్ళుగా పీతల పడవల్లో పనిచేస్తున్నాను. పట్టిన పీతల్ని పడవ అడుగు తొట్టెలో ఉంచి, పంపుతో సముద్రపు నీళ్ళు ఎక్కిస్తూ తెస్తాం. వానల్లో ఏరు పొంగినప్పుడు, పడవ ఏరు సముద్రంలో కలిసే మొగలోకి రాగానే కెప్టెన్ "పంపు ఆపు!" అని అరుస్తాడు. ఉప్పులేని ఆ ఏటి నీళ్ళు తొట్టెలోకి పోయాయంటే, పట్టినదంతా రేవు చేరేలోగా చస్తుంది. పరిగెత్తుకెళ్ళి ఆ పంపు ఆపేది నేనే. నా కూతురు చెప్పింది నాకు తెలియక కాదు. ప్యాంటు తడిసిందని విసుక్కున్నాను, అంతే. ఇంతకంటే గొప్ప కారణమేదీ నాకు దొరకలేదు, ఇప్పటికీ.

తిన్నాక కారు వెచ్చదనానికి నలుగురికీ కన్ను మూతపడింది. లేచేసరికి ఒంటిగంట దాటింది. సముద్రం మళ్ళీ ముందుకొచ్చి, తెల్ల రాయి పెట్టిన బండ సగం మునిగింది. మార్నీ తలుపు తోసుకుని పరిగెత్తింది. వెనకే మేమూ వెళ్ళాం.

చూరు నీళ్ళు ధార కట్టి సరిగ్గా బకెట్టులోనే పడుతున్నాయి. బకెట్టు నిండి పొర్లిపోతోంది. పీతలు నాలుగూ గుల్లల్లోంచి బయటికొచ్చేసి, నానిన సేమ్యాలా అడుగున పడి ఉన్నాయి. వాటి పక్కన ఓ చీజ్ ముక్క.

"ఇదెవరు వేశారు?" అంది మార్నీ.

"నేనే. కార్లో ఉన్నప్పుడే వేశా. వాటికి ఆకలేస్తుందని," అన్నాడు డ్యూయీ.

"అది తినే చచ్చిపోయాయి! నువ్వే చంపేశావు!"

వాడు నా మొహంలోకి చూశాడు. నేను కాదంటే కాదన్నట్టే వాడికి. ఒక్క మాట, అంతే. "పదండి, తడిసిపోతున్నారు," అన్నాను. నా నోటికి వచ్చింది అదీ!

లోర్నా చూరు వంక చూసింది, బకెట్టు వంక చూసింది, తర్వాత నన్ను చూసింది. కారెక్కేముందు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"చెప్తాలే."

"ఎప్పుడు? ఆగస్టులోనా?"

దారిలో పాతిక మైళ్ళూ మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. నోరు తెరిచినప్పుడల్లా సిగ్గేసి మూసుకున్నాను. నాలుగేళ్ళ వాడి నెత్తిన నా తప్పు పెట్టి బండి తోలుతున్న మనిషిని, ఇంకేం మాట్లాడతాను?

ఊరి మొదట్లో ఓ హోటల్ దగ్గర ఆగాం. డ్యూయీకి ఎప్పుడూ చెప్పేదే చెప్పాం, చీజ్ పెట్టి కాల్చిన బ్రెడ్డు. ప్లేటు రాగానే వాడు దాన్ని దూరంగా నెట్టి, చేతులు తొడల కింద దాచుకున్నాడు.

"ఏం బాబూ, కాలుతోందా?" అంది వడ్డించినావిడ.

"ఇది తింటే చచ్చిపోతారు," అన్నాడు వాడు. తర్వాత నా ప్లేటులో కూడా అదే ఉండటం చూసి గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. "నాన్నా, తినొద్దు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"చీజ్ వల్ల కాదురా. వాన నీళ్ళు వాటికి పడవు. అక్క చెప్పింది, నాకూ తెలుసు. అయినా తీసుకెళ్ళి చూరు కింద పెట్టాను. వాటిని చంపింది నేనురా. నువ్వు వాటికి తిండి పెట్టావు, అంతే."

"చీజ్ కాదా?"

"కాదు."

"అయితే నువ్వు ముందు తిను."

కొరికాను. నేను నమలడం కాసేపు పరీక్షగా చూసి, అప్పుడు వాడు తినడం మొదలుపెట్టాడు. నేను మార్నీ వైపు తిరిగాను. ఎన్ని తిట్లు తిట్టినా పడటానికి సిద్ధంగా ఉన్నాను. తను తలెత్తకుండా సూప్ కలుపుతోంది.

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"చూరు నీళ్ళు అందులో పడుతుంటే చూశాగా."

"మరి తమ్ముణ్ణి ఎందుకన్నావమ్మా?"

చెంచా ఇంకో రెండుసార్లు తిప్పింది. "నువ్వు సోమవారం వెళ్ళిపోతావు కదా. నీతో పోట్లాడితే మళ్ళీ మాట్లాడుకోవడానికి ఆగస్టు దాకా ఆగాలి. వాడితోనైతే రేపే మాట్లాడుకోవచ్చు."

లోర్నా కిటికీ వైపు తిరిగిపోయింది. బయట వాన అలాగే పడుతోంది.

"రేపంతా నేను ఇంట్లోనే ఉంటాగా," అన్నాను. "ఇప్పుడు పోట్లాడు."

మార్నీ సూప్ పక్కకి నెట్టింది. చెంచా బల్ల మీద పెట్టేసింది.

"నేను చెప్పాను నీకు," అంది. తర్వాత హోటలంతా మా వైపు తిరిగేలా అరిచింది. "చెప్పాను కదా నాన్నా! చెప్పాను కదా!"

"చెప్పావమ్మా," అన్నాను.