రానీ, రానీ

మా డిపోలో మా బండికి ‘మూగబండి’ అని పేరు పెట్టారు. పెట్టరూ మరి! అప్పటికి ఇరవై రోజులుగా డ్రైవరూ కండక్టరూ ఒక్క మాట మాట్లాడుకోకుండా రేపల్లెకీ నిజాంపట్నానికీ మధ్య ట్రిప్పులు కొడుతున్నాం. డ్రైవర్ దేవసహాయం గారు. కండక్టర్ని నేను, రాధారాణిని. అంతకుముందు నాలుగేళ్లు ఆయన్ని నోరారా అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఆ ఇరవై రోజులూ ఆయన మొహం చూస్తేనే ఒళ్లు మండేది.

గొడవంతా కనకమ్మ వల్ల వచ్చింది. హార్బర్ దగ్గర ఎండుచేపల బుట్టతో మా బండెక్కే ముసలావిడ. రోజూ ఆలస్యమే. ఆ బండి తప్పితే మళ్లీ గంటన్నర ఎండలో నిలబడాలని నేను ఐదు నిమిషాలు ఆపించేదాన్ని. దేవసహాయం గారు రెండుసార్లు వద్దన్నారు. మూడోసారి నాతో అనకుండా డిపోలో నా మీద కాగితం రాసిచ్చారు. నాకు మెమో వచ్చింది.

మామూలప్పుడైతే మెమోకి నేనెక్కడ భయపడతాను? కానీ ఈసారి తెనాలి బస్టాండులో రిజర్వేషన్ కౌంటర్ సీటు ఖాళీ అవుతోంది. నా మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, ఇక నిలబడే పని చేయొద్దని డాక్టర్ తేల్చేశాడు. ఆ సీటు అడిగినవాళ్లలో సీనియర్ని నేనే. ఇంకొక్క మెమో పడితే మాత్రం ఆశ వదులుకోమని ఆఫీసులో గుమస్తా బర్నబాస్ నా చెవిన వేశాడు.

అందుకే పళ్లు బిగబట్టి పనిచేశాను. స్టేజి వస్తే విజిల్, కదలాలంటే విజిల్. టీ దగ్గర ఆయనదొక బల్ల, నాదొక బల్ల. పోట్లాడుకున్నా బాగుండేది. మాట్లాడకుండా కలిసి పనిచేయడం ఎంత అలుపో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఇంటికెళితే అన్నం సహించేది కాదు.

హార్బర్ దగ్గర బండి తిప్పుకోవడానికి జాగా తక్కువ. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేపలు ఎండబెట్టే పందిళ్లు. కండక్టర్ దిగి వెనక నిలబడి, బండిని చరుస్తూ “రానీ, రానీ” అని అరవాలి. డ్రైవర్ అద్దంలో చూసుకుంటూ వెనక్కి తేవాలి. మాటల్లేని మనిషిని రానీ అని ఎలా పిలుస్తాను? దానికీ విజిలే వాడాను. పొడుగ్గా ఊదితే రమ్మని, పొట్టిగా ఊదితే ఆగమని.

ఆ మంగళవారం వాన. మోకాలి నొప్పి అనుకుని నేను దిగలేదు. అది సగమే నిజం. ఈయన కోసం నేనెందుకు తడవాలన్న కచ్చ మిగతా సగం. వెనక సీట్లో కూర్చుని, అద్దం చేత్తో తుడిచి చూసి, ఖాళీగానే ఉందిలే అని పొడుగ్గా ఊదాను. బండి వెనక్కి కదిలింది. ఫెళ్లుమని చప్పుడైంది.

పందిరి గుంజలు విరిగి చేపలన్నీ బురదలో పడ్డాయి. దానికి రెండడుగుల అవతల, నెత్తిన బుట్టతో కనకమ్మ.

“ఓరి నాయనో, చంపేసేవోళ్లే నన్ను!” అని గుండెలు బాదుకుంది.

ఏ మనిషి కోసం ఇంత గొడవ తెచ్చుకున్నానో ఆ మనిషినే పొట్టన పెట్టుకోబోయాను. జనం మూగారు. దేవసహాయం గారు దిగి, “తప్పు నాదేనమ్మా, చూసుకోలేదు” అన్నారు. నావైపు తల కూడా తిప్పలేదు.

డిపోలో బర్నబాస్ మా ఇద్దరికీ చెరో తెల్లకాగితం ఇచ్చి, జరిగింది రాయమన్నాడు. దేవసహాయం గారు ముందే రాసి బల్ల మీద పెట్టి వెళ్లారు. చదివాను. “విజిల్ వినపడింది. కండక్టర్ అద్దంలో కనపడలేదు. కనపడనప్పుడు బండి కదపకూడదు. నేను కదిపాను.” అంతే. నేను బండిలోనే కూర్చున్నానని ఎక్కడా లేదు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన బండికి గీత పడలేదు. రిటైర్మెంటుకు ఇంకా మూడు నెలలే ఉంది.

పరుగులాంటి నడకతో వెళ్లి వరండాలో పట్టుకున్నాను.

“నేను దిగలేదని ఎందుకు రాయలేదండీ? ఆ రోజు కాగితం రాసిచ్చారుగా!” ఇరవై రోజుల తర్వాత నోరు విప్పితే వచ్చింది మళ్లీ పోట్లాటే.

“ఆ రోజు నువ్వు చేసింది తప్పని నీకు అనిపించలా. అందుకని రాశా. ఇయ్యాల్టిది నీకు తెలుసుగా. నువ్వే రాసుకో.”

“మరి నేను కనపడనప్పుడు బండెందుకు కదిపారు?”

ఆయన చేతిసంచీ భుజానికి తగిలించుకున్నారు. “విజిల్ నీదేగా అనుకున్నా” అని మెట్లు దిగి వెళ్లిపోయారు.

ముందు ఒళ్లు మండింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. లోపలికెళ్లి, “నేను దిగలేదు. కోపంతో దిగలేదు” అని రాసి సంతకం పెట్టాను.

బర్నబాస్ చదివి కంగారుపడ్డాడు. “మేడమ్, వానని రాయండి, మోకాలని రాయండి. ఇది పంపితే ఆ కౌంటర్ సీటు...”

“తెలుసులేవయ్యా, పంపించు.”

ఇద్దరికీ మెమోలొచ్చాయి. కౌంటర్ సీటు నా తర్వాతి వరసలో ఉన్న శేషారత్నానికి ఇచ్చారు. వారం తిరక్కుండా మళ్లీ అదే బండి, అదే డ్రైవరు, అవే మోకాళ్లు. హార్బర్ దగ్గర కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాను. వెనక్కెళ్లి నిలబడి ఊదాను. బండి కదల్లేదు. మళ్లీ ఊదాను. కిటికీలోంచి ఆయన తల బయటికొచ్చింది.

“రెండడుగులు కుడికి జరుగు. కనపడట్లా.”

జరిగాను. అన్నయ్యా అనడానికి ఇంకా నోరు రాలేదు. విజిల్ జేబులో వేసుకుని, బండిని అరచేత్తో చరిచి, “రానీ... రానీ...” అని గొంతు చించుకుని అరిచాను.