రాంబుటాన్ కాపలా

తిరుపతిరావు తోటలో మామిడి కోత ఎప్పుడో అయిపోయింది. కోతగాళ్ళు వెళ్ళిపోయారు, లారీలు వెళ్ళిపోయాయి. చిన్నరాయప్ప, అతని భార్య సవరమ్మ మాత్రం తోటలోనే ఉండిపోయారు. ఉండిపోలేదు, ఉంచేశారు. గేటుకి తాళం బయట్నుంచి వేసుంది. తాళంచెవి విజయవాడలో తిరుపతిరావు జేబులో ఉంది.

కారణం రాంబుటాన్ చెట్లు. ఎక్కడో వాన అడవుల్లో పుట్టిన చెట్టుని ఆయన కేరళ నుంచి తెప్పించి గెస్ట్‌హౌస్ చుట్టూ నాటించాడు. ఈ ఏడే తొలి కాపు. ఒళ్ళంతా వెంట్రుకలున్న కాయలు, గుత్తులు గుత్తులు. ముసునూరు చుట్టుపక్కల ఇంకెవరి తోటలోనూ లేవు. పండ్లని బుట్టల్లో పెట్టి పెద్దమనుషులకి పంపాలని, గొప్ప చెప్పుకోవాలని ఆయన ఆశ. ఆ గొప్ప కోసం ఇద్దరు మనుషుల్ని లోపల పెట్టి తాళం వేశాడు. దానికి కాపలా అని పేరు.

"కోత అయ్యాకే బయటికి. ఈలోగా కంచె దూకారా, దొంగతనం కేసే," అని ముందే చెప్పాడు.

వారానికోసారి సూపర్‌వైజర్ ప్రసాద్ బండి మీద వచ్చి గేటు సందులోంచి బియ్యం, కూరగాయలు అందించి పోయేవాడు. జైల్లో కూడా ఇంతే కదా. కాకపోతే జైలుకి పంపేముందు జడ్జి ఒక మాట అడుగుతాడు.

సవరమ్మ బాధల్లా కూతురు గ్లోరీ గురించే. నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. పుట్టిల్లే తాళం వెనక ఉంటే ఆ పిల్ల ఎక్కడికొస్తుంది? అత్త బతికి లేదు. హనుమాన్ జంక్షన్‌లో అద్దె గది. మొగుడు మార్టిన్ లారీ ఎక్కాడంటే రోజుల తరబడి దిగడు.

"కాళ్ళు వాచిపోయాయమ్మా. ఎప్పుడొస్తావ్?" అని ఫోన్లో అడిగింది గ్లోరీ.

"కాయ కొయ్యగానే వచ్చేస్తానే తల్లీ."

"అయితే నా బిడ్డని కాసేపు ఆగమంటాలే, కాయ ఇంకా పండలేదని," అంది గ్లోరీ. నవ్వబోయి ఏడ్చింది.

ఫోన్ పెట్టేసి సవరమ్మ మొగుడి మీద పడింది. "ఏమయ్యా, కాయ ఊరింది కదా. ఇంకా దేనికి చూడ్డం?"

"పచ్చిగా ఉన్నాయే, ఇంకా ఎరుపెక్కలేదు."

"రసాలు పండిందాకా ఆగి కోస్తావేంటి? ముదరగానే కోసి గడ్డిలో మాగెయ్యవూ?"

చిన్నరాయప్పకి నిజమే అనిపించింది. ఊహ తెలిసినప్పటి నుంచి అతను కోసిన ప్రతి కాయా గట్టిగా ఉండగానే కోశాడు. అయినా తిరుపతిరావుకి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ప్రసాద్‌కి చేశాడు.

"కాయ సంగతి నన్నడుగుతావేంటి చిన్నరాయప్పా? నీకు తెలీనిదా? కానియ్యి," అన్నాడు ప్రసాద్.

ఇద్దరూ కలిసి కాయలు కోసే చిక్కాలు పట్టి చెట్లన్నీ కోసేశారు. షెడ్డులో గడ్డి పరిచి మాగేశారు. సవరమ్మ తన చీరలు సంచిలో సర్దుకుంది. రోజూ పొద్దున్నే గడ్డి తీసి చూసేది. ఎరుపు రాలేదు. వెంట్రుకలు నల్లబడ్డాయి. తొక్క తోలులా బిగిసింది. ఒకటి ఒలిచి నోట్లో వేసుకుంటే ఒట్టి పులుపు.

ఆ కాయ కొమ్మ మీదే పండుతుంది. కోస్తే అక్కడితో సరి. ఆ ముక్క వీళ్ళతో చెప్పినవాడు లేడు. తాళం వెయ్యడానికి తీరిక దొరికిన మనిషికి, ఆ ఒక్క మాట చెప్పడానికి తీరిక దొరకలేదు.

బియ్యం తెచ్చిన ప్రసాద్, చిన్నరాయప్ప తెచ్చి చూపించిన కాయల్ని గేటు బయట్నుంచే చూశాడు. 'కానియ్యి' అన్న సంగతి మర్చిపోయి ఫోటో తీసి పంపించాడు. వెంటనే తిరుపతిరావు ఫోన్ చేశాడు. ప్రసాద్ స్పీకర్ పెట్టి గేటు ఊచల మధ్యకి చాపాడు.

"నా పరువు తీశార్రా! వచ్చే కాపు చేతికొచ్చేదాకా అడుగు బయట పెట్టారో, ఇద్దర్నీ కేసులో ఇరికిస్తా."

వచ్చే కాపు అంటే మళ్ళీ ఏడాది. చిన్నరాయప్ప చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడే సవరమ్మ ఫోన్ మోగింది. గ్లోరీ పక్కగది సుజాత. "పిన్నీ, నొప్పులొచ్చేశాయి. ఆసుపత్రికి తీసుకొచ్చాం. నిన్నే అడుగుతోంది."

సవరమ్మ గేటు దగ్గరికొచ్చి ఊచల్లోంచి గట్టిగా అంది. "అయ్యగారూ, కేసు పెట్టండి."

"ఏంటీ?"

"ఇప్పుడే పెట్టండి. పోలీసులొచ్చి పట్టుకుపోవాలంటే గేటు తియ్యాలి గదండీ."

తిరుపతిరావు ఫోన్ కట్ చేశాడు. ప్రసాద్ ఫోన్ జేబులో వేసుకుని బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు.

సవరమ్మ తన ఫోన్ తీసి తనే పోలీసులకి చేసింది.

"నీకేమన్నా పిచ్చా? లోపలేస్తారే!" చిన్నరాయప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడెక్కడున్నామయ్యా మనం? పోలీసోడికైతే నా కూతురు కంటోందని చెప్పుకోవచ్చు. ఈ తాళానికి ఏం చెప్పుకోను?"

లైను కలిసింది. "బాబూ, దొంగతనం జరిగిందంటున్నారండీ. దొంగలం మేమేనంట, నేనూ మా ఆయనా. లేదండీ, పారిపోలేదు. ఎలా పోతామండీ, బయట్నుంచి తాళం వేసుంటే?"

అవతలి గొంతు మారింది. "తాళం ఎవరేశారమ్మా?"

సవరమ్మ తిరుపతిరావు పేరు తండ్రి పేరుతో సహా చెప్పింది. తోటకి దారి చెప్పింది. సంచి భుజానికేసుకుని గేటు దగ్గర నిలబడింది. గేటు ఇంకా మూసే ఉంది.