వంగిన దారం

పెళ్లికి మామయ్యగారు మాకిచ్చిన కానుక ఒక తలుపు. ఆయన వడ్రంగి. మా గది కోసం తానే చేసి, తానే బిగించారు. గడియ వేస్తే 'టిక్' అని ముద్దుగా చప్పుడయ్యేది. ఆ చప్పుడు కోసమే ఊరికే వేసి తీస్తుండేదాన్ని. మా ఆయన నవ్వేవాడు.

రెండో నెల వచ్చేసరికి ఆ తలుపు దానంతటదే తెరుచుకోవడం మొదలుపెట్టింది.

గాలి ఉండేది కాదు. ఎవరో వేలితో నెట్టినట్టు నెమ్మదిగా వెనక్కి జరిగేది. గుమ్మంలో ఎవరూ ఉండరు. నేల మీద మాత్రం తాజా చెక్కపొట్టు, నిన్న ఊడ్చిన చోటే.

ఒకరోజు బజారు నుంచి త్వరగా వచ్చేశాను. మామయ్యగారు మా తలుపు అంచుకి చిత్రిక పడుతున్నారు. నన్ను చూసి తప్పు చేసినవాడిలా ఆగిపోయారు.

"వంగుతోందమ్మా. రోజూ సరిచేస్తున్నా, మర్నాటికి మళ్లీ వంకర. ఈ ఇంట్లో ఏదో ఉంది."

ఆ ఏదో నేను వచ్చాకే వచ్చిందేమోనని నాకు గుబులు పట్టుకుంది.

భోజనాల దగ్గర మా ఆయన అందుకున్నాడు. "నాన్నా, ఇంకో వారం ఇలాగే చెక్కితే మా తలుపు పళ్లు కుట్టుకోవడానికి పనికొస్తుంది."

"నోర్మూసుకుని తిను. పుట్టిన దగ్గర్నుంచీ గీత చూసిన కన్నురా ఇది."

"ఆ కన్నే డాక్టరుకి చూపించమంటున్నా. షుగర్ వచ్చి ఎన్నేళ్లయింది?"

"పేపరు చదువుకుంటున్నాగా. చూపుకేం ఢోకా?"

మర్నాడు నాకు రుజువు చేస్తానని ద్వారబంధం పైన మేకు కొట్టి, దారానికి ఇనుప గుండు కట్టి వేలాడదీశారు. గుండు ఊగి ఊగి ఆగింది. అలవాటు ప్రకారం ఎడమకన్ను మూసి చూశారు. ఇంకాస్త దగ్గరికి జరిగి మళ్లీ చూశారు.

"ఏమైంది మామయ్యా?"

"దారం కూడా వంగింది."

వేలితో పైనుంచి కిందికి తడిమారు. నాకు కనిపిస్తూనే ఉంది, దారం తిన్నగా ఉంది. "బరువు కట్టిన దారం వంగదమ్మా," అన్నారు గొంతు తగ్గించి.

ఆయన ఎప్పుడూ ఒక్క కుడికన్నుతోనే గురి చూస్తారని అప్పుడు తట్టింది. "ఈసారి కుడికన్ను మూసి చూడండి."

ఆ కన్ను ఒక్కటే మూయడం చేతకాక అరచేత్తో కప్పుకున్నారు.

"నిటారుగా ఉంది," అన్నారు. ఆ మాటని అంత భయంగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు. "అయితే దయ్యం ఇంట్లో లేదన్నమాట."

ఆస్పత్రిలో చుక్కల మందు వేసి, కంటి వెనకపొరని ఫోటో తీసి చూపించారు. నారింజ రంగు గుండ్రం మీద అక్కడక్కడ ఎర్రటి చుక్కలు.

"షుగర్ వల్ల సన్నటి రక్తనాళాలు కారుతున్నాయి," అంది డాక్టరమ్మ. "సరిగ్గా చూపు నిలిచే చోటే వాచింది. అందుకే గీతలు వంకరగా కనిపిస్తున్నాయి. ఇంజెక్షన్లతో వాపు తగ్గించొచ్చు. పోయిన చూపంతా తిరిగి రాకపోవచ్చు."

"మరి ఎడమది?" అడిగారు మామయ్యగారు.

"చుక్కలు అక్కడా మొదలయ్యాయి. మధ్యలోకి ఇంకా రాలేదు. ఏమాత్రం తేడా అనిపించినా వెంటనే రండి."

ఆ 'ఇంకా' మాతో పాటే ఇంటికొచ్చింది.

చెక్కీ చెక్కీ గడియ అందకుండా అరిగిపోయిన తలుపు అంచుకి మా ఆయన చెక్కబద్ద కొట్టాడు. 'టిక్' తిరిగొచ్చింది. సిగ్గు లేకుండా పదిసార్లు వేసి తీశాను. గుమ్మానికున్న దారాన్ని మాత్రం ఎవరం తీయలేదు. రోజూ పొద్దున్నే మామయ్యగారు మా గది బయట దాని ముందు నిలబడి, కుడికన్ను కప్పుకుని ఎడమకంటితో చూస్తారు. లోపల మేమిద్దరం కదలకుండా వింటాం.

"నిటారుగానే ఉంది," అంటారు. అప్పుడు మా ఆయన దువ్వెన అందుకుంటాడు, నేను జడ వేసుకుంటాను.

ఈ రోజు ఆ మాట ఎంతకీ రాలేదు. దువ్వెన బల్ల మీదే ఉంది. మా ఆయన చేయి పట్టుకున్నాను. గడియ వేసే ఉంది, అయినా తలుపు మెల్లగా వెనక్కి జరుగుతున్నట్టే అనిపించింది.

"అమ్మాయ్," అన్నారు బయటినుంచి. "ఒకసారి ఇలా వచ్చి, ఈ దారం ఎలా ఉందో నువ్వు చెప్పు."